పంటి వాపుకు 625 మాత్రలు వేస్తున్నాం. వాపు తగ్గింది, ఇక మానేయవచ్చా?

ఉద్దానం కోడలు (కవిటి మండలం) | సోమవారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా అత్తగారికి అరవై ఒకటో ఏడు. గురువారం రాత్రి కుడివైపు దవడ పన్ను సలుపు మొదలైంది. తెల్లారేసరికి నోట్లో తమలపాకు చిలక పెట్టుకున్నట్టు బుగ్గ ఉబ్బిపోయింది. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు గారు 625 మాత్రలు పదిహేను ఇచ్చి, రోజుకు మూడు చొప్పున ఐదు రోజులు వేయమన్నారు. వాటితో పాటు ఒక కాగితం పొట్లంలో నొప్పి మాత్రలు కూడా ఇచ్చారు.

శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. ఇప్పటికి ఎనిమిది అయ్యాయి, ఏడు మిగిలాయి. వాపు ముప్పాతిక వంతు తగ్గింది, అన్నం నములుతున్నారు. కానీ నిన్నటి నుంచి నాలుగైదుసార్లు నీళ్ల విరేచనాలు అయ్యాయి. "తగ్గిపోయింది కదమ్మా, ఇంక ఆ పెద్ద మాత్ర వద్దు" అంటున్నారు. మానేయవచ్చా? మా బాబుకు తొమ్మిదేళ్లు, జలుబూ దగ్గూ ఉన్నాయి. మిగిలిన వాటిలో సగం మాత్ర చొప్పున వాడికి వేయవచ్చా? పారేయడానికి మనసు రావడం లేదు.

మందుల కొట్టు (విజయనగరం) | ఉదయం 8:15

అమ్మా, ముందు బాబు సంగతి. వద్దు. సగం కాదు, పావు కూడా వద్దు. జలుబు వైరస్ వల్ల వచ్చేది. ఈ మాత్ర బ్యాక్టీరియా మీద తప్ప వైరస్ మీద పనిచేయదు. పైగా పిల్లలకు మోతాదు బరువును బట్టి లెక్కగడతారు, పెద్దవాళ్ల మాత్రను విరిచి కాదు.

625 అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఇరవై రెండేళ్లుగా కౌంటరు వెనక నిలబడి చూస్తున్నాను, "ఆరు వందల ఇరవై ఐదు ఇవ్వండి" అని అంకె అడుగుతారు, లోపల ఏముందో అడగరు. అందులో 500 మిల్లీగ్రాముల అమోక్సిసిలిన్, 125 మిల్లీగ్రాముల క్లావులానిక్ ఆమ్లం ఉంటాయి. 375లో 250, 125 ఉంటాయి. వెయ్యి అని అడిగే దాంట్లో 875, 125. చూశారా, రెండో మందు మూడింటిలోనూ అంతే. అందుకే 625 దొరక్కపోతే రెండు 375లు వేసుకుందామనే లెక్క కుదరదు. క్లావులానిక్ రెట్టింపయి కడుపు మరింత పాడవుతుంది.

విరేచనాలు ఈ మాత్రతో తరచుగా వస్తాయి. ఖాళీ కడుపుతో వేస్తున్నారా? మొదటి ముద్దతో పాటు వేసుకుంటే కడుపుకు కాస్త తేలిక, మందు కూడా బాగా ఒంటపడుతుంది. పెరుగన్నం తినవచ్చు, ఈ మందుకు పెరుగూ పాలూ అడ్డు కావు.

మీరు చెప్పనివి రెండున్నాయి. అత్తగారికి చక్కెర, బీపీ, కిడ్నీ, కాలేయం జబ్బులేమైనా ఉన్నాయా? పొట్లంలోని నొప్పి మాత్ర పేరు ఏమిటి?

రాజాం బస్టాండు | ఉదయం 9:02

నా అనుభవం చెబుతాను. ఇలాంటి మాత్రలు ఎప్పుడు ఇచ్చినా మూడో రోజుకు తగ్గుతుంది, ఆపేస్తాను. పదేళ్లలో ఏమీ కాలేదు. మిగిలినవి బీరువాలో దాచి, మళ్లీ గొంతు నొప్పి వస్తే వేసుకుంటాను. ఆసుపత్రికి వెళ్లాలంటే బస్సు, చీటీ, వరుస, మొత్తం ఒక రోజు కూలి పోతుంది. ఇంట్లో మందు ఉంటే మనిషికి ధైర్యం. దాన్ని తప్పంటే ఎలా?

లెక్కల మాస్టారు (పార్వతీపురం) | ఉదయం 9:48

రాజాం బాబూ, రోజు కూలి పోతుందన్న మాట నిజమే, దాన్ని కాదనను. కానీ "ఏమీ కాలేదు" అన్నది మీ ఒంట్లో కంటికి కనిపించినంత మేరకే. మన పేగుల్లో, చర్మం మీద కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. మందు తగిలిన ప్రతిసారీ బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని పెడతాయి. మీ గొంతు నొప్పి తగ్గింది కానీ, మొండివి మీ ఇంట్లోనే పెరుగుతున్నాయి.

అసలు ఈ మాత్రలో రెండు మందులు కలపవలసిన అవసరం అలాగే వచ్చింది. అమోక్సిసిలిన్ బ్యాక్టీరియా గోడను కట్టుకోనివ్వదు. కొన్ని బ్యాక్టీరియాలు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును వదిలి ఆ మందును తుంచేయడం నేర్చుకున్నాయి. క్లావులానిక్ ఆమ్లం వెళ్లి ఆ ఎంజైమును పట్టుకుంటుంది. దానంతట అది క్రిములను పెద్దగా చంపదు. గుమ్మంలో కరిచే కుక్క ఉన్న ఇంటికి ఇద్దరు వెళ్లి, ఒకడు కుక్కను పట్టుకుంటే రెండోవాడు లోపలికి నడిచినట్టు. ఇంగ్లండులో 1981లో ఇది అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు ఈ జంటకూ లొంగని బ్యాక్టీరియాలు వచ్చేశాయి.

అమ్మా, మీరు మాత్రం పదిహేనూ పూర్తి చేయించండి. మధ్యలో ఆపకూడదు.

పల్లె ఆసుపత్రి (వైద్యుడు, విజయనగరం జిల్లా) | మధ్యాహ్నం 12:30

ఓపీ ముగించుకుని ఇప్పుడే చూశాను. మాస్టారూ, మీ మాటలో చివరి వాక్యం ఒక్కటే కొంచెం సరిచేయాలి. "అట్ట పూర్తయ్యేదాకా వేయాల్సిందే" అని మేమూ చాలా ఏళ్లు చెప్పాం. ఇప్పుడు చాలా ఇన్ఫెక్షన్లలో తక్కువ రోజులు చాలని తేలింది. అవసరం లేని ప్రతి అదనపు రోజూ మొండి క్రిములకే లాభం. అలాగని వాపు తగ్గగానే ఎవరికి వారు ఆపేయమని కాదు. క్షయకు నెలల తరబడి వేయాల్సిందే, పంటి వాపుకు మూడు నుంచి ఐదు రోజులు సరిపోవచ్చు. ఎన్ని రోజులన్నది జబ్బును బట్టి వైద్యుడు చెప్పాలి. త్వరగా తగ్గితే "ఇంకా వేయాలా?" అని ఫోను చేసి అడగండి. ఆ ప్రశ్నకు ఏ డాక్టరూ కోప్పడకూడదు.

ఇక పన్ను. చీము వేరు కింద ఉంది. మాత్ర చుట్టూ వ్యాపించిన ఇన్ఫెక్షన్‌ను అణుస్తుంది కానీ కుళ్లిన పన్నును బాగుచేయదు. దంత వైద్యుడు చీము తీసి, వేరుకు చికిత్స చేయాలి లేదా పన్ను తీసేయాలి. లేకపోతే నెలకో రెండు నెలలకో ఇదే బుగ్గ మళ్లీ ఉబ్బుతుంది, ఇదే మాత్ర మళ్లీ వేస్తారు. పంటి నొప్పికి ఏడాదిలో నాలుగుసార్లు 625 వేసుకుని వచ్చినవాళ్లను నేనే చూశాను. ఒక్కరు కూడా పన్ను చూపించుకోలేదు.

వాపు మెడ కిందికి దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా రాత్రీ పగలూ చూడకుండా 108కి ఫోను చేయండి.

విరేచనాలకు ఓఆర్‌ఎస్ ఇవ్వండి. రక్తం, జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి ఉంటే వెంటనే చూపించాలి. మందు ఆపిన కొన్ని వారాలకు మొదలైన విరేచనాలకైనా "ఫలానా మాత్ర వేసుకున్నాం" అని చెప్పాలి. కొట్టు ఆయన అడిగిన రెండు ప్రశ్నలకు మాత్రం ముందు జవాబు ఇవ్వండి.

ఉద్దానం కోడలు | మధ్యాహ్నం 1:25

డాక్టరు గారూ, నమస్కారం. చక్కెర లేదు. బీపీ మాత్ర రోజూ ఒకటి వేసుకుంటారు. కిడ్నీ జబ్బు కొంచెం ఉంది. నాలుగు నెలల క్రితం రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడపోయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 2.1 అన్నారు. ఆర్‌ఎంపీ గారికి చెప్పలేదు. ఆయన పన్ను గురించి అడిగారు, మేమూ పన్ను గురించే చెప్పాం. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఒకరికి ఉండే జబ్బే కదా, విడిగా చెప్పాలని తోచలేదు.

పొట్లం విప్పి పళ్లెంలో పోసి చూశాను. అట్టను కత్తెరతో ఒక్కో మాత్రగా కత్తిరించి ఇచ్చారు. ఒక్క ముక్క మీద 'ఫెనాక్ పొ' అన్న అక్షరాలు మిగిలాయి, ముందూ వెనకా తెగిపోయింది. రోజుకు రెండు వేశాం. ఇప్పటికి ఐదు అయిపోయాయి, రెండు ఉన్నాయి.

ఇంకొకటి. విరేచనాలు కట్టడానికి మా ఆయన ఉదయం పలాస వెళ్లినప్పుడు కొట్లో అడిగి ఓఫ్లాక్సాసిన్, ఓర్నిడజోల్ కలిపిన మాత్రల అట్ట తెచ్చారు. ఇంకా వేయలేదు.

పల్లె ఆసుపత్రి | మధ్యాహ్నం 1:41

అమ్మా, ఇది చదవగానే మూడు పనులు చేయండి.

ఆ నొప్పి మాత్ర ఇక ఒక్కటి కూడా వేయకండి. మిగిలిన అక్షరాలను బట్టి అది డైక్లోఫెనాక్ గానీ ఎసిక్లోఫెనాక్ గానీ అయి ఉండాలి. దెబ్బతిన్న కిడ్నీకి ఆ జాతి మందులు నేరుగా హాని చేస్తాయి. దానికి తోడు విరేచనాలతో ఒంట్లో నీరు పోతోంది. ఆ రెండూ కలిస్తే 2.1 ఉన్న క్రియాటినిన్ నాలుగు రోజుల్లో ఎగబాకవచ్చు. నొప్పికి పారాసెటమాల్ చాలు.

కొత్తగా తెచ్చిన అట్ట తెరవకండి. ఒక యాంటీబయాటిక్ వల్ల వచ్చిన విరేచనాలకు మరో రెండు కలిపి వేయడమంటే మంట మీద కిరసనాయిలు పోయడమే. ఆ జంటను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన యాంటీబయాటిక్‌ల వర్గీకరణలో 'సిఫారసు చేయని' మిశ్రమాల కింద పెట్టింది. 625లోని జంట అదే వర్గీకరణలో మొదట వాడదగ్గ మందుల వరసలో ఉంది. రెండు మందులు కలిసినంత మాత్రాన అన్ని మిశ్రమాలూ ఒకటి కావు.

ఈరోజే అత్తగారిని తీసుకుని సోంపేటకో పలాసకో వెళ్లి క్రియాటినిన్ చేయించండి. అట్టలు, పొట్లం, పాత రిపోర్టు అన్నీ పట్టుకెళ్లండి. 625 విషయం: కిడ్నీ పనితీరు లెక్క (క్రియాటినిన్, వయసును బట్టి కట్టే ఈజీఎఫ్‌ఆర్) 30 కంటే తక్కువకు పడిపోతే రోజుకు మూడుసార్లు వేసేది సాధారణంగా రెండుసార్లకు తగ్గిస్తారు, 875 ఉన్న పెద్ద మాత్ర అసలు వాడరు. మీ అత్తగారి వయసుకు 2.1 అంటే నాకు అనుమానంగానే ఉంది. కానీ మనిషిని చూడకుండా నేను ఇక్కడ మోతాదు రాయను. చూసిన డాక్టరు చెప్పినట్టు చేయండి.

ఉద్దానం కోడలు | మధ్యాహ్నం 1:52

బయలుదేరుతున్నాం.

కొబ్బరి తోట (కంచిలి) | మధ్యాహ్నం 3:10

అక్కా, ఈ చర్చ చదువుతుంటే చేతులు వణికాయి. మా నాన్నగారు నాలుగేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలం తీసుకున్నా ఇదే కథ. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్లంటారు, ఎండలో పనంటారు, నొప్పి మాత్రలంటారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు కాబట్టి ఇప్పుడు ప్రతిదానికీ విశాఖ పరుగెత్తక్కర్లేదు. అంతవరకు నయం.

నాన్న రోజంతా కొబ్బరికాయ దింపి ఒళ్లు నొప్పులని సాయంత్రం రెండు రూపాయల మాత్ర వేసుకునేవారు. ఏళ్ల తరబడి. ఆ మాత్ర వల్లే కిడ్నీ పోయిందని నేను అనను, తెలియదు. కానీ ఎవరైనా ఒక్కరు "మీ కిడ్నీ ఎలా ఉంది?" అని అడిగి ఉంటే బాగుండేది.

నేను చేసిన పని చెబుతాను, పనికొస్తే చేయండి. నాన్న చివరి రిపోర్టు నకలు, రోజూ వేసే మాత్రల పేర్లు ఒక ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డుతో కలిపి పెట్టాను. పంటికి వెళ్లినా, కంటికి వెళ్లినా, కాలికి ముల్లు గుచ్చుకుని వెళ్లినా ముందు ఆ కవరు బల్ల మీద పెడతాం. వాళ్లు అడగక్కర్లేదు, మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

మందుల కొట్టు | సాయంత్రం 4:05

కొబ్బరి తోట తమ్ముడి కవరు మాట అందరూ పాటించండి. అందులో ఇంకొన్ని రాసుకోండి. గుండె కవాటం మార్పించుకుని రక్తం పల్చబడే మాత్రలు, అంటే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడేవారు 625 మొదలుపెడితే రక్తస్రావం ఎక్కువ కావచ్చు, మధ్యలో ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది) అవసరం. కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవారిలో ఆ మందు ఒంట్లో నిలిచిపోయే ప్రమాదం ఉంది. యూరిక్ ఆమ్లానికి అల్లోప్యూరినాల్ వాడితే ఒంటి మీద దద్దుర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది.

అన్నిటికంటే ముందు, పెన్సిలిన్ పడదని ఎప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట పైన పెద్ద అక్షరాలతో రాయండి. అమోక్సిసిలిన్ పెన్సిలిన్ కుటుంబమే. మాత్ర వేసిన గంటలోపు ఒళ్లంతా దద్దుర్లు, పెదవులూ కనురెప్పలూ ఉబ్బడం, గొంతు పూడుకుపోయినట్టు ఉండడం జరిగితే అది నిమిషాల వ్యవహారం. మజ్జిగ తాగించి చూద్దాం అనుకోకండి.

నరసన్నపేట అమ్మాయి | సాయంత్రం 5:30

మా ఇంట్లో జరిగింది రాస్తాను. మా మామగారికి అరవై ఎనిమిదేళ్లు. రెండేళ్ల కిందట ఛాతీ ఇన్ఫెక్షన్‌కు ఇదే మందు ఇచ్చారు. పది రోజులు వేసుకున్నారు, దగ్గు తగ్గింది, ఆపేశాం. ఆపిన సుమారు మూడు వారాలకు ఒళ్లంతా దురద. రాత్రంతా దువ్వెనతో వీపు గోక్కునేవారు. తర్వాత మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగింది, కళ్లు పచ్చబడ్డాయి.

మన వైపు కామెర్లంటే ఏం చేస్తారో మీకు తెలుసు. పసరు పోయించారు. చేతికి కట్టు కట్టించారు. ఉప్పూ కారం లేని చప్పిడి కూడు పెట్టారు. పన్నెండు రోజులు అలా గడిచాయి. మనిషి ఐదు కిలోలు తగ్గిపోయాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ అన్నీ అడిగి, "గత రెండు నెలల్లో ఏ మాత్రలైనా వాడారా?" అన్నారు. లేదన్నాం. మా దృష్టిలో ఆ మాత్రలు ఎప్పుడో అయిపోయాయి, వాటితో సంబంధమేముంది? ఇంటికి వచ్చి మంచం కింద ట్రంకు పెట్టెలో ఖాళీ అట్ట దొరికితే ఫోటో తీసి పంపాను. ఆమె వెంటనే ఫోను చేశారు. ఈ మందుతో కొందరిలో, ముఖ్యంగా పెద్ద వయసు మగవారిలో, పిత్తం కిందికి పారకుండా నిలిచి కామెర్లు వస్తాయట. మందు ఆపేశాక కూడా కొన్ని వారాల వరకు రావచ్చట.

రెండు నెలలకు పూర్తిగా తగ్గింది. ఆ ఖాళీ అట్ట ఇప్పటికీ ఆయన ఫైలులో పిన్ను కొట్టి ఉంది. ఇకపై ఈ మందు ఆయనకు వద్దని దాని మీద ఎర్ర సిరాతో రాయించాం.

పల్లె ఆసుపత్రి | సాయంత్రం 6:20

నరసన్నపేట అమ్మా, ఆ డాక్టరమ్మ సరిగ్గా పట్టుకున్నారు. ఇది అరుదే, కానీ అరవై అయిదు దాటినవారిలో, రెండు వారాలకు మించి వాడినవారిలో ఎక్కువగా చూస్తాం. ఒకసారి ఇలా అయినవారికి ఈ మిశ్రమం మళ్లీ ఇవ్వకూడదు.

బోదకాలు బాధితుడు (శ్రీకాకుళం) | రాత్రి 8:00

నాకు కుడికాలు బోదకాలు, పద్దెనిమిదేళ్లుగా. ఏడాదికి మూడు నాలుగుసార్లు చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రగా కాలిపోతుంది. ప్రతిసారీ 625 ఇస్తారు, తగ్గుతుంది. నేను ముందే ఒక అట్ట కొని ఇంట్లో ఉంచుకుంటే తప్పా? వణుకు వచ్చినప్పుడు అడుగు తీసి అడుగు వేయలేను.

సాలూరు ఏఎన్‌ఎం | రాత్రి 8:45

అన్నయ్యా, మీ కష్టం నాకు తెలుసు, మా అమ్మకూ ఉంది. ఆ వణుకు బోదకాలు పురుగు వల్ల కాదు. కాలి వేళ్ల సందుల్లో చిన్న ఒరుపు, పగులు ఉంటుంది, బ్యాక్టీరియా అక్కడి నుంచి లోపలికి వెళుతుంది. ఒకసారి కింద అద్దం పెట్టి వేళ్ల సందులు చూసుకోండి. తెల్లగా నాని, తడిగా కనిపిస్తే అదే దారి. రోజూ రెండు పూటలా మామూలు సబ్బుతో, చల్లని నీళ్లతో కాలు కడిగి, వేళ్ల సందుల్లో మెత్తటి గుడ్డ దూర్చి అద్ది తడి లేకుండా ఆరబెట్టండి. రుద్దకూడదు. గోళ్లు నున్నగా కత్తిరించుకోవాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. మా అమ్మకు ఏడాదికి ఐదుసార్లు వచ్చేది. కడగడం మొదలుపెట్టిన తర్వాతి ఏడాది ఒక్కసారే వచ్చింది.

మందు ఇంట్లో ఉంచుకోవచ్చా లేదా అన్నది మిమ్మల్ని చూసే డాక్టరు గారు మీ ఒంటిని చూసి, మోతాదు కాగితం మీద రాసి ఇస్తే వేరు. మనంతట మనం కొని దాచుకోవడం వేరు.

లెక్కల మాస్టారు | రాత్రి 9:10

ఏఎన్‌ఎం అమ్మా, చల్లగా చెప్పారు. ఊళ్లలో బోదకాలు రాకుండా మింగించే డీఈసీ మాత్ర మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చింది. 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాలదే. మనవాడు లోకానికిచ్చిన ఇలాంటి మందులు మన చేతుల్లోనే మొద్దుబారిపోతే నాకు కడుపు తరుక్కుపోతుంది.

సాలూరు ఏఎన్‌ఎం | రాత్రి 9:25

ఇంకొకటి చెప్పి పడుకుంటాను. జ్వరానికి 625 వేసుకోకండి. మా కొండ గ్రామాల్లో జ్వరమంటే ముందు మలేరియా చూడాలి, తర్వాత డెంగీ. ఆ రెండింటికీ ఈ మాత్ర పనికిరాదు. ఇప్పుడు స్క్రబ్ టైఫస్ కూడా మన జిల్లాల్లో ఉంది. పొదల్లో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుడితే వస్తుంది. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి మనిషికే తెలియదు. దానికి డాక్సీసైక్లిన్ కావాలి. 625 ఎన్ని రోజులు వేసినా జ్వరం దిగదు, ఆ ఐదు రోజులూ వృథా అవుతాయి. పోయిన వానాకాలంలో ఒక పిల్లవాడిని బట్టలు విప్పి చూస్తే చెవి వెనక ఉంది ఆ మచ్చ. అప్పటికే ఇంట్లో వాళ్ల అన్నకు మిగిలిన మాత్రలు నాలుగు రోజులు వేశారు.

పిల్లలకు పొడి సిరప్ ఇస్తే కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకు పోసి బాగా గిలకరించాలి. కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లోపు వాడాలి, మిగిలింది పారబోయాలి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే సిగ్గుపడకుండా డాక్టరుకు ముందే చెప్పండి.

రాజాం బస్టాండు | రాత్రి 10:05

పొద్దున నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. ఇప్పుడే బీరువా తెరిచాను. మూడు రకాల అట్టలు ఉన్నాయి. ఒకదాని మీద గడువు తేదీ కత్తిరింపులో పోయింది. 625 మాత్ర ఒకటి అట్ట నుంచి విడిగా డబ్బాలో వేశాను, అది పసుపు పచ్చగా మారి అంచులు పొడిగా రాలుతోంది. మూడు అట్టల వెనకా నిలువుగా ఎర్ర గీత ఉంది. దానర్థమేమిటి?

మందుల కొట్టు | రాత్రి 10:30

క్లావులానిక్ చెమ్మను అసలు ఓర్వదు. అందుకే అట్ట నుంచి తీసి డబ్బాలో వేయకూడదు. రంగు మారినది ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకండి.

ఎర్ర గీత అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది, కొనకూడనిది అని. దాన్ని గుర్తుపట్టమని 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచారం మొదలుపెట్టింది. చీటీతోనే అమ్మాల్సిన మందుల జాబితాను హెచ్ అంటారు. సెఫిక్సీమ్, సెఫ్పొడాక్సీమ్ లాంటి యాంటీబయాటిక్‌లు ఇంకా కఠినమైన హెచ్1 జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి వాటికి డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. 625 హెచ్ జాబితాలోది. రిజిస్టరు లేదు కానీ చీటీ తప్పనిసరి.

ఒప్పుకుంటున్నాను, నేనూ చీటీ లేకుండా ఇచ్చాను. రాత్రి పది గంటలకు పిల్లను భుజాన వేసుకుని తండ్రి వస్తే లేదనలేకపోయాను. నేను లేదంటే నాలుగు అడుగుల్లో ఇంకో కొట్టు ఉంది. కానీ ఈ రోజు 'ఫెనాక్ పొ' అన్న ముక్క గురించి చదివాక, మాత్రలు కత్తిరించేటప్పుడు పేరూ తేదీ తెగకుండా చూడమని మా కుర్రవాళ్లిద్దరికీ చెప్పాను. పేరు తెగితే కవరు మీద రాసి ఇవ్వమన్నాను. రేపటి నుంచి కిడ్నీ, అలర్జీ, గర్భం, ఈ మూడూ అడగకుండా యాంటీబయాటిక్ చేతికివ్వం.

ఉద్దానం కోడలు | బుధవారం ఉదయం 6:50

ఆలస్యమైంది, క్షమించండి. సోమవారం సాయంత్రం పరీక్షలో క్రియాటినిన్ 2.6 వచ్చింది. అక్కడి డాక్టరు గారు పొట్లం చూసి తల పట్టుకున్నారు. నొప్పి మాత్రలు పూర్తిగా మాన్పించారు. 625 సోమ, మంగళవారాలకు రోజుకు రెండే వేసి ఆపేయమన్నారు. ఓఆర్‌ఎస్ ఎంత తాగించాలో గ్లాసు చూపించి చెప్పారు. నిన్న విరేచనాలు ఒక్కసారే అయ్యాయి. మంగళవారం మధ్యాహ్నం మళ్లీ పరీక్ష చేస్తే 2.3కు దిగింది. పన్ను శుక్రవారం తీస్తారు, అంతకుముందు ఇంకోసారి రక్తపరీక్ష ఉంది.

బాబుకు జలుబు దానంతట అదే తగ్గుముఖం పట్టింది. ఆవిరి పట్టించాను, అంతే.

నిన్న ఆర్‌ఎంపీ గారి దగ్గరికి వెళ్లి రిపోర్టు చూపించాను. ఆయనతో గొడవ పెట్టుకోలేదు. అర్ధరాత్రి పిలిచినా వచ్చే మనిషి. రిపోర్టు రెండుసార్లు చదివి, "మీరు చెప్పి ఉంటే ఇచ్చేవాడిని కాదమ్మా, నేనూ అడగలేదు" అన్నారు. అత్తగారి కోసం కవరు తయారు చేశాను. ఇంట్లో అందరివీ అందులోనే పెట్టాను.

ఇప్పుడు నా దగ్గర మూడు 625 మాత్రలు, రెండు నొప్పి మాత్రలు, తెరవని ఓఫ్లాక్సాసిన్ అట్ట ఉన్నాయి. వీటిని ఏం చేయాలి? చెరువులో వేయకూడదని తెలుసు.

సాలూరు ఏఎన్‌ఎం | ఉదయం 7:15

చెరువులో వద్దు, నూతిలో వద్దు, పెంటకుప్ప మీద అసలే వద్దు, కోళ్లు పొడుస్తాయి. పారేయాల్సిన మందులు మా దగ్గర పసుపు సంచిలోకి వెళతాయి, ఆసుపత్రి వ్యర్థాలతో పాటు వాటిని కాల్చడానికి పంపుతారు. ఈరోజు బుధవారం, టీకాల రోజు. మీ ఊరి ఏఎన్‌ఎం అంగన్‌వాడీ దగ్గరికి వస్తుంది. అట్టలతో సహా ఆమె చేతికి ఇవ్వండి, నా మాటగా చెప్పండి.

ఉద్దానం కోడలు | మధ్యాహ్నం 12:05

ఇచ్చేశాను. ఆమె తీసుకుని, "ఇంకెవరింట్లోనైనా ఉన్నాయా?" అని అడిగింది. మా వీధిలో నాలుగిళ్ల వాళ్లు లోపలికి వెళ్లి సంచులు పట్టుకుని వచ్చారు.